చేతిలో ఫోన్ – మనసులో రంది

జ్వరం వస్తే వార్డెన్ సార్‌కు చెబుతాం. సార్ రిజిస్టర్‌లో రాసుకొని ప్రభుత్వ దవాఖానకు పంపిస్తారు. ఆటలో కాలికి దెబ్బ తగిలితే పక్క మంచం మీది మిత్రుడే కట్టు కడతాడు. మరి పదిహేను రోజులుగా నిద్ర పట్టడం లేదు, పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడుతున్నాయి కాని బుర్రకు ఎక్కడం లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. ఇది ఎవరికి చెప్పాలి? ఏ రిజిస్టర్‌లో రాస్తారు? సంక్షేమ హాస్టల్‌లో చదివిన ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది.

మన వార్షికోత్సవ సంచికలో పోటీ పరీక్షల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి అన్నలు, అక్కలు రాస్తూనే ఉన్నారు. మేము ఈసారి మనసు గురించి రాయదలచుకున్నాం. అందులోనూ చేతిలో ఉన్న ఫోన్ మనసుకు ఎంతవరకు సాయపడుతుందన్నదే మా విషయం. మేము డాక్టర్లం కాము. పీజీ చదువుతున్న వాళ్లం, మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాళ్లం. ఇంట్లో ఎవరూ నడవని బాటలో నడిచేవారికి అనుమానం వస్తే అడగడానికి ఇంట్లో మనిషి ఉండడు. కాలేజీలో ఏ కోర్సు తీసుకోవాలన్నా, ఇంటర్వ్యూకు ఏం వేసుకొని పోవాలన్నా మనం ఫోన్‌నే అడుగుతాం. మనసు బాగా లేకపోయినా ముందు ఫోన్‌నే అడుగుతాం. అందుకే ఫోన్‌లో దొరికే సాయాల్లో ఏది గట్టిది, ఏది ఉత్తది అని తెలుసుకోవడం మిగతా వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం.

మూడు ఊళ్లు, మూడు రకాల రంది

మన హాస్టల్‌కు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు వైపుల నుంచీ విద్యార్థులు వస్తారు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు మనమంతా కరీంనగర్ జిల్లా వాళ్లమే. ఒకే గదిలో పడుకుంటాం, ఒకే పప్పు తింటాం. కాని ఇంటి నుంచి మోసుకొచ్చే రంది మాత్రం ఎవరిది వారిదే.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన వారిలో చాలామంది ఇళ్లలో తండ్రి గానీ అన్న గానీ గల్ఫ్‌లో ఉంటారు. అవ్వ బీడీలు చుడుతుంది. బాపు అంటే రెండు మూడేళ్లకొకసారి సెలవు మీద వచ్చే మనిషి. మా ముందుతరం వాళ్లు ఉత్తరం కోసం, ఎస్‌టీడీ బూత్‌లో వచ్చే కాల్ కోసం ఎదురుచూశారు. ఇప్పుడు ఐఎంఓ, బోటిమ్‌లలో ముఖం చూసుకుంటూ మాట్లాడుతున్నారు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేకపోవడం వల్లనే మన ఊరి ముసలమ్మలకు కూడా బోటిమ్ పేరు నోటికి వచ్చింది.

సిరిసిల్ల వాళ్ల రంది సాంచెలది. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారని మిగతా ఊళ్ల వాళ్లకు హాస్టల్‌కు వచ్చాకే తెలుస్తుంది. ఆర్డరు ఉంటే పగలూ రాత్రీ చప్పుడు. లేకపోతే వాడకట్టు అంతా చప్పుడు లేకుండా ఉంటుంది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చిన తర్వాత కొన్నేళ్లు పని దొరికింది, ఆ చీరలు ఆగినప్పుడు మళ్లీ కష్టం మొదలైంది. అప్పుల బాధతో నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఈ పట్టణానికి కొత్తవి కావు. మా సిరిసిల్ల మిత్రుడొకడు చెప్పేవాడు: ఇంటికి ఫోన్ చేస్తే వాడు ముందు వినేది అవ్వ మాట కాదట, మాట వెనుక సాంచెల చప్పుడట. చప్పుడు వినబడితే ఆ రోజు చదువు సాగుతుంది. వినబడకపోతే సాగదు.

జగిత్యాల వైపు వరి, పసుపు, మామిడి. రైతు ఇంటి రంది అందరికీ తెలిసిందే కనుక దాన్ని విడిచిపెడుతున్నాం.

ఈ ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నది ఇంటికి చేసే ఫోన్. మనసుకు సాయపడే సాధనాల్లో అన్నిటికంటే పాతది, అన్నిటికంటే ఎక్కువగా వాడేది ఇదే. కాని ఆ ఫోన్‌లో మనం ఏం మాట్లాడుకుంటామో ఒకసారి గుర్తుచేసుకోండి.

"ఎట్లున్నవ్ రా?"
"మంచిగున్న బాపు. నువ్వెట్లున్నవ్?"
"నాకేంది, మంచిగనే ఉన్న. తిన్నవా?"
"తిన్న."

అక్కడ ఎండలో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి 'మంచిగున్న' అంటాడు. ఇక్కడ రెండు సబ్జెక్టులు పోయిన కొడుకు 'మంచిగున్న' అంటాడు. ఒకరి బాధ ఒకరికి చెప్పకూడదన్నది ప్రేమే. కాని ఆ ప్రేమ వల్ల ఇద్దరూ ఒంటరిగా మిగులుతారు. రోజూ ఫోన్ మాట్లాడుతున్నాడు కదా, వాడికేం బాధ ఉంటుందని పక్కవాళ్లం అనుకుంటాం. కాల్స్ లెక్కపెట్టి మనసును కొలవలేం.

ఫలితాల రోజు

ఫోన్ ఒక్కోసారి బాధను నేరుగా తెచ్చి చేతిలో పెడుతుంది. ఫలితాలు వచ్చే రోజు అలాంటిది. వెనుకటి కాలంలో ఫలితాలు పేపర్లో వచ్చేవి, నంబర్ వెతకడానికి నలుగురు కలిసి కూర్చునేవారు. ఇప్పుడు ఒక్కడే ఒక మూలకు పోయి హాల్‌టికెట్ నంబర్ కొడతాడు. తెర మీద ఏం వచ్చిందో చూసిన మనిషి వాడొక్కడే.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు జరిగింది మనం మరచిపోకూడదు. ఆ ఏడాది 9 లక్షల 70 వేల మందికి పైగా రాస్తే 3 లక్షలకు పైగా తప్పారు. తర్వాతి రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మన పక్కనే గోదావరి అవతల ఉన్న మంచిర్యాల జిల్లాలో ఒక విద్యార్థినికి తెలుగులో 99 మార్కులు రావలసి ఉండగా 0 అని వచ్చింది. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. తప్పినవారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ లెక్కించి, మళ్లీ పరిశీలించాలని ఆదేశించింది. ఆ పరిశీలనలో వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. తెర మీద కనబడినది ఆఖరి మాట కాదు. కంప్యూటర్‌లో మార్కులు ఎక్కించింది మనుషులే, తప్పు దొర్లవచ్చు, సరిదిద్దుకునే దారి ఉంది. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్, సప్లిమెంటరీ అన్నవి నిబంధనల్లో ఉన్న దారులే, ఎవరో దయ తలచి ఇచ్చినవి కావు. నిజంగానే తప్పినా కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ వస్తుంది. పదో తరగతి, ఇంటర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫలితాలను హాస్టల్‌లోనే, నలుగురూ ఒకచోట కూర్చొని చూడాలని మా కోరిక. ఫలితాల రోజున సెలవు ఇచ్చి ఇంటికి పంపేయడం కంటే ఇది మంచిది. ఇంట్లో వాళ్లకు రీకౌంటింగ్ సంగతి తెలియకపోవచ్చు, సీనియర్‌కు తెలుస్తుంది.

మన దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వయసు వారి మరణాలకు కారణాల్లో ఇది మూడోది. ఏ ఒక్క పరీక్ష వల్లనో, ఏ ఒక్క మాట వల్లనో ఇలా జరగదని నిపుణులు పదే పదే చెబుతారు. లోపల చాలా రోజులుగా పేరుకుపోయినది ఆ రోజు పైకి వస్తుంది. అంటే ఆ చాలా రోజుల్లో ఎప్పుడైనా ఎవరైనా అడిగి ఉండవచ్చు.

యంత్రంతో మాట

ఇప్పుడు మిత్రులు చాలామంది రాత్రిపూట చాట్‌బాట్‌తో మనసు విప్పి మాట్లాడుతున్నారు. మేమూ చూశాం. "అన్నా, మనుషులకంటే ఇదే నయం, నవ్వదు, వేరేవాళ్లకు చెప్పదు" అన్నాడొక తమ్ముడు. ఆ మాటలో నిజముంది. కాబట్టి దీన్ని ఎగతాళి చేయకుండా, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

ఇది నిన్నమొన్నటిది కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త 'ఎలైజా' అనే ప్రోగ్రాం గురించి ప్రకటించాడు. మనం టైప్ చేసిన వాక్యంలోని మాటలనే తిప్పి ప్రశ్నగా అడగడం దాని పని. 'మా అమ్మ గుర్తుకొస్తోంది' అంటే 'మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి' అన్నట్టుగా జవాబిస్తుంది. దానికి అర్థమయ్యేది ఏమీ లేదు. అయినా ఆయన సొంత కార్యదర్శే దానితో కాసేపు మాట్లాడి, "మీరు కొంచెం గది బయటకు వెళతారా?" అని ఆయనను అడిగిందట. ఆ ప్రోగ్రాం ఎలా తయారైందో ఆమె నెలల తరబడి కళ్లారా చూసింది కూడా. వైజెన్‌బామ్ దీనికి సంతోషించలేదు, కలవరపడ్డాడు. 1976లో ఒక పుస్తకమే రాశాడు, యంత్రానికి అప్పగించకూడని పనులు కొన్ని ఉన్నాయని.

వినే వాళ్లు దొరికితే చాలు, వినేది ఎవరన్నది కూడా చూడనంత దాహం మనిషికి ఉంటుంది. ఎలైజా కథ నుంచి మేము తెలుసుకున్నది ఇది.

ఆ తర్వాత శాస్త్రీయంగా తయారైనవీ వచ్చాయి. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయం వాళ్లు 2001లో 'మూడ్‌జిమ్' అనే పాఠాల కార్యక్రమం పెట్టారు. మన ఆలోచనల్లో ఏది నిజం, ఏది భయం అని విడదీసి చూసుకునే అభ్యాసాలు అందులో ఉంటాయి. 2017లో 'వోబాట్' అనే చాట్‌బాట్‌ను 18 నుంచి 28 ఏళ్ల వయసున్న 70 మంది మీద రెండు వారాలు పరీక్షించారు. దానితో మాట్లాడిన వారిలో దిగులు కొంత తగ్గింది. ఉత్తి పుస్తకం చదివిన వారిలో అలా తగ్గలేదు. మంచి ఫలితమే, కాని 70 మంది, రెండు వారాలు అన్న మాటలను మరచిపోవద్దు. ఆ వోబాట్ యాప్ 2025 జూన్ 30న మూతపడింది కూడా. రాత్రి రెండు గంటలకు తోడుంటుందనుకున్న మిత్రుడు ఒక తేదీన దుకాణం మూసుకొని వెళ్లిపోగలడన్నమాట. మన బెంగళూరులో మొదలైన 'వైసా' అనే యాప్ కూడా ఉంది, పెంగ్విన్ బొమ్మతో కనబడుతుంది, ముఖ్యంగా ఇంగ్లిష్‌లో మాట్లాడుతుంది.

ఇక 2022 నవంబర్‌లో వచ్చిన చాట్‌జీపీటీ లాంటివి మనసు వైద్యం కోసం తయారైనవి కావు. ప్రాజెక్టు రిపోర్టుకూ అదే, మనసు బాధకూ అదే. తెలుగులో కూడా జవాబిస్తుంది కాబట్టి మనవాళ్లకు దగ్గరైంది. 2025 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో 16 ఏళ్ల కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ సంస్థ మీద దావా వేశారు. ఆ తర్వాత పిల్లల ఖాతాలపై తల్లిదండ్రుల నియంత్రణకు సంస్థ కొన్ని ఏర్పాట్లు తెచ్చింది. కోర్టు ఏం తేల్చినా మనకు తెలియవలసిన తేడా వేరే ఉంది. పక్క మంచం మీది మిత్రుడు మనం అన్నం తినకపోతే కనిపెడతాడు. యంత్రం మనం టైప్ చేసినది మాత్రమే ఎరుగును. మనం తినలేదని, మూడు రోజులుగా తల దువ్వుకోలేదని, గొంతు మారిందని దానికి తెలియదు. చాలాసార్లు మనకు నచ్చే జవాబే ఇస్తుంది. మన తప్పును మొఖం మీదే చెప్పే మిత్రునికీ దీనికీ ఉన్న తేడా అదే.

అలాగని పక్కన పడేయమని అనడం లేదు. సార్‌తో ఎలా మాట్లాడాలో ముందుగా రాసుకోవడానికి, చదువుకు టైంటేబుల్ వేసుకోవడానికి, నిద్రకు ముందు ఊపిరి నెమ్మదిగా తీసి వదిలే అభ్యాసం నేర్చుకోవడానికి అది పనికొస్తుంది. 'చచ్చిపోవాలనిపిస్తోంది' అనే మాట చెప్పడానికి మాత్రం అది సరైన చోటు కాదు.

'రంది'కి ఇంగ్లిష్ ఏమిటి?

ఈ యాప్‌లలో ఇంకో చిక్కు ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు కాబట్టి మేము కాస్త ఎక్కువ రాస్తాం.

యాప్ తెరవగానే 'యాంగ్జయిటీ', 'డిప్రెషన్', 'స్ట్రెస్' అని మూడు నాలుగు గళ్లు వస్తాయి. ఏదో ఒకటి నొక్కాలి. మన ఇళ్లలో ఈ మాటలు లేవు. మన దగ్గర రంది ఉంటుంది, మనాది ఉంటుంది, గుబులు ఉంటుంది, బెంగ ఉంటుంది. ఇవి ఒకటి కావు. బిడ్డ పెళ్లికి పైసలు ఎట్లా అన్నది రంది. పోయిన మనిషిని తలచుకొని లోలోపల కుమిలిపోవడం మనాది. రేపు ఏమవుతుందో అన్నది గుబులు. ఇల్లు విడిచి హాస్టల్‌కు వచ్చిన ఐదో తరగతి పిల్లగానిది బెంగ. ఈ నాలుగింటినీ 'స్ట్రెస్' అనే ఒక్క గడిలో పడేస్తే ఎవరికి ఏ సాయం కావాలో తెలియదు. రందికి అప్పు దారి చూపించాలి, మనాదికి కూర్చొని వినాలి, బెంగకు ఒక నెల సమయం, ఒక స్నేహితుడు కావాలి.

ఇంకొకటి, మన పెద్దలు మనసు బాధను శరీరంతో చెబుతారు. 'గుండెల దడదడ అయితంది', 'తలకాయంత బరువుగుంది', 'కాళ్లల్ల సత్తువ లేదు' అంటారు. బీడీలు చుట్టే అవ్వ ఈ మాటలు అంటే మనం నొప్పి గోళి తెచ్చిస్తాం. నిజంగా శరీరానికే జబ్బు ఉండవచ్చు, పరీక్ష చేయించాలి. పరీక్షల్లో ఏమీ తేలకపోతే మనసు సంగతి కూడా అడగాలి. డిగ్రీ చదివిన మన మీద ఇంట్లో వాళ్లకు ఉన్న నమ్మకాన్ని దీనికి కూడా వాడుకోవచ్చు.

మనల్ని మనం కొంత అంచనా వేసుకోవడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. ప్రపంచమంతటా డాక్టర్లు వాడతారు, ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనూ ఉంది. గడచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు: ఇష్టమైన పనుల మీద ఆసక్తి ఉందా, దిగులుగా ఉందా, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, మనసు నిలుస్తోందా ఇలాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. మన పరీక్షలకు ఇది తలకిందులు, ఎక్కువ వస్తే మంచిది కాదు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చూపించుకోవడం మంచిది. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి 0 కాక వేరే ఏ అంకె వచ్చినా మొత్తం ఎంతైందని చూడవద్దు, ఆ రోజే ఒక మనిషికి చెప్పాలి. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు, జ్వరం చూసే థర్మామీటర్ లాంటిది. అంకె చెబుతుంది, కారణం చెప్పదు.

14416

ఇన్ని యాప్‌లు చూసిన తర్వాత మా అభిప్రాయం చెబుతాం. మన లాంటి వాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది మామూలు ఫోన్ కాల్. స్మార్ట్‌ఫోన్ అక్కర లేదు, డేటా అక్కర లేదు, ఇంగ్లిష్ అక్కర లేదు, బటన్ల ఫోన్ చాలు.

2022 అక్టోబర్ 10న, అంటే ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్ర ప్రభుత్వం టెలీ-మానస్ ప్రారంభించింది. నంబర్ 14416. ఖర్చు లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగుతో సహా 20 భాషల్లో మాట్లాడతారు. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి పెద్ద దిక్కు. 2025 నాటికి దీనికి వచ్చిన కాల్స్ 20 లక్షలు దాటాయి.

చేస్తే ఏమవుతుందో తెలియకపోవడం వల్లనే చాలామంది చేయరు కాబట్టి వివరంగా చెబుతున్నాం. ముందు రికార్డు చేసిన గొంతు భాష ఎంచుకోమంటుంది. ఆ తర్వాత శిక్షణ పొందిన కౌన్సిలర్ మాట్లాడతారు. వినడం, ప్రశ్నలు అడగడం, అప్పటికప్పుడు మనసు నెమ్మదించే మార్గం చెప్పడం వారి పని. చాలా కాల్స్ ఇక్కడితోనే ముగుస్తాయి. వైద్యం అవసరమనిపిస్తే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పనిచేసే డాక్టర్ల దగ్గరికి, వైద్య కళాశాల ఆసుపత్రికి దారి చూపిస్తారు. ఫోన్ ఒక గుమ్మం, దాని వెనుక దవాఖాన ఉంది. ఉత్త యాప్‌కూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. 2024 అక్టోబర్‌లో టెలీ-మానస్ యాప్ కూడా వచ్చింది, కావలసిన వాళ్లు వాడుకోవచ్చు.

18 ఏళ్ల లోపు పిల్లలకు కొట్టడం, వేధించడం, బలవంతపు పెళ్లి లాంటి కష్టం ఉంటే 1098 ఉంది. ఈ నంబర్ 1996లో ముంబయిలో మొదలైంది. రెండు నంబర్లూ వేరువేరు పనులకు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 108, 112 ఎలాగూ తెలుసు.

చెల్లెళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ఇళ్లలో ఆడపిల్లకు సొంత ఫోన్ ఉండదు, ఉన్నా అన్నో తమ్ముడో తీసి చూస్తుంటాడు. 'ఎవరికి చేసినవ్?' అనే ప్రశ్న భయానికి వాళ్లు ఏ నంబరూ కొట్టరు. ఇంట్లో చెల్లెలి ఫోన్ తీసి చూసే అలవాటున్న మిత్రులు ఈ పేరా రెండుసార్లు చదవగలరు.

రహస్యం, చట్టం

'ఎర్రగడ్డ కేసు' అనే మాట మన దగ్గర తిట్టు. ఎర్రగడ్డలో ఉన్నది ఒక ప్రభుత్వ వైద్యశాల, అక్కడ వేలమంది బాగుపడి ఇంటికి వచ్చారు. కాని ఈ ఒక్క తిట్టు వల్ల ఎంతమంది డాక్టరు గడప తొక్కలేదో లెక్క లేదు. నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వేలో మానసిక వైద్యం అవసరమైన వారిలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది.

భయపడేవారు తెలుసుకోవలసిన చట్టం ఒకటి ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. ప్రభుత్వ వైద్య సేవల్లో మానసిక వైద్యం పొందడం దాని ప్రకారం హక్కు. మన వివరాలు రహస్యంగా ఉంచాలని 23వ సెక్షన్ చెబుతుంది, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు మాత్రం అవసరమైన వాళ్లకు తెలపవచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని నేరస్తునిగా కాకుండా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా భావించాలని 115వ సెక్షన్ అంటుంది. 'పోలీసు కేసు అవుతుంది' అని దాచిపెట్టే కుటుంబాలకు ఈ మాట చేరవేయండి.

ప్రైవేటు యాప్‌ల రహస్యం సంగతి వేరు. అమెరికాలో 'బెటర్‌హెల్ప్' అనే పెద్ద కౌన్సెలింగ్ సంస్థ తన వినియోగదారుల వివరాలను ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి వాటికి ప్రకటనల కోసం ఇచ్చిందని 2023లో అక్కడి ప్రభుత్వ వాణిజ్య సంస్థ తేల్చి, 78 లక్షల డాలర్లు కట్టించింది. ఉచితం అన్న ప్రతి యాప్‌నూ అనుమానించనక్కర లేదు. కాని పేరు, ఊరు, ఫోన్ బుక్ అడిగితే ఎందుకని అడగవచ్చు. ఒకే ఫోన్‌ను నలుగురం వాడుకునే మన దగ్గర ఇంకో జాగ్రత్త కూడా కావాలి: మాట్లాడిన చాట్ తెరిచే ఉంచి ఫోన్ ఇవ్వకండి. ఇతరుల చాట్ కనబడినా చదవకండి.

గోడ మీద నంబర్

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జులైలో మరణించింది. ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు వరకు వెళ్లాడు. ఆ కేసులో 2025 జులై 25న కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చే వరకు అవి పాటించి తీరాలంది. 100 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ-మానస్ వంటి నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో, అందరూ తిరిగే చోట పెద్ద అక్షరాలతో రాయాలి.

కౌన్సిలర్ నియామకం మన చేతిలో లేదు. అడగడం మన చేతిలో ఉంది. హాస్టల్ డే నాడు అధికారులు వచ్చినప్పుడు మంచాలు, దుప్పట్లు, ఫ్యాన్లతో పాటు దీన్ని కూడా వినతి పత్రంలో రాయాలని పూర్వ విద్యార్థులం అనుకుంటున్నాం. గోడ మీద నంబర్ రాయడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర లేదు. ఒక డబ్బా రంగు, ఒక కుంచె చాలు. మెస్ గోడ మీద రాస్తే అందరూ చూస్తారు. కాని అక్కడ నిలబడి నంబర్ రాసుకుంటే కూడా అందరూ చూస్తారు. అందుకే బాత్‌రూముల వైపు నడవాలో, మెట్ల మలుపులో కూడా రాయాలి. రాసేటప్పుడు 'ఆత్మహత్య నివారణ' అని పెద్దక్షరాలు పెట్టవద్దని మా సలహా. 'నిద్ర పట్టడం లేదా? మాట్లాడాలని ఉందా? 14416' అని రాస్తే ఎవరైనా చూసి గుర్తుపెట్టుకుంటారు.

పక్క మంచం మీది వాని గురించి అనుమానం వస్తే ఏం చేయాలన్నది చాలామంది మమ్మల్ని అడిగారు. నేరుగా అడగవచ్చు. "చచ్చిపోవాలె అనిపిస్తుందారా?" అని అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకూడదు, ఆ రాత్రికి పక్కనే పడుకోవాలి, వార్డెన్ సార్‌కో మేడంకో చెప్పాలి. 'ఎవరికీ చెప్పనని ఒట్టు వేయి' అంటే ఒట్టు వేయవద్దు. స్నేహం చెడుతుందేమోనన్న భయం ఉంటుంది, చెడితే మళ్లీ కలుపుకోవచ్చు.

ఇంతా చెప్పిన తర్వాత ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, చేసినంక ఏమని మొదలుపెట్టాలె?" పేరు చెప్పనవసరం లేదు. ఇంగ్లిష్ మాట ఒక్కటీ అక్కర లేదు, కారణం కూడా తెలిసి ఉండనక్కర లేదు. 'హాస్టల్ల ఉంట. పది రోజుల సంది నిద్ర పడ్తలేదు' అంటే చాలు. తర్వాతి ప్రశ్న వాళ్లే అడుగుతారు.